పదివేలలో మూడు పాళ్ల మురికి

కల్తీని తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలి. పాలలో నీళ్లు కలపకపోతే ఇంతమందికి పాలు ఎక్కడివి? పెట్రోల్లో కిరోసిన్ కలవకపోతే మెకానిక్ పిల్లలు బడికెలా వెళ్తారు? సిమెంటులో బూడిద కలవబట్టే కదా, ఒకే గోడను మూడుసార్లు కట్టే భాగ్యం మేస్త్రీకి దక్కింది?

ఇవన్నీ చిన్న మేళ్లు. కల్తీ ఒక గ్యాసు ఆయుష్షును ఏకంగా ముప్పై ఏళ్లకు పైగా తగ్గించడం నేను కళ్లారా చూశాను.

మా లేబొరేటరీలో పని అదే. ఫ్యాక్టరీలు వదలబోయే కొత్త గ్యాసులు గాలిలో ఎన్నేళ్లు బతుకుతాయో చెప్పాలి. జాతకం చూసి కాదు. గాలిలో హైడ్రాక్సిల్ రాడికల్ అని ఒకటుంది. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్, ఒళ్లంతా అంతే. సెకను సేపైనా బతకదు గాని, బతికినంతసేపూ ఎదురుపడ్డ మురికినల్లా కొరుకుతుంది. లోకంలోని గాలినంతా ఊడ్చేది అదే. జీతం లేదు, సెలవు లేదు, కనీసం యూనియన్ కూడా లేదు.

గాజు గొట్టంలో లేజర్ వెలుగుతో ఆ రాడికల్‌ను పుట్టిస్తాం. గ్యాసును వదులుతాం. రాడికల్ ఎంత వేగంగా తరుగుతోందో కొలుస్తాం. గబగబా తరిగితే గ్యాసును గబగబా కొరుకుతోందన్నమాట. అలాంటి గ్యాసు గాలిలో ఎంతోకాలం నిలవదు. మెల్లగా తరిగితే అది మన మనవల నెత్తి మీద కూడా ఉంటుంది. ఐదేళ్లలోపు పోయేదానికి అనుమతి. ఆపైన బతికేదానికి లేదు.

యంత్రాల జిడ్డు కడిగే గ్యాసు ఒకటి సీసాలో పెట్టి ఒక కంపెనీ పంపింది. కొలిచాను. మూడేళ్ల రెండు నెలలు. డైరెక్టర్ గారు సంతోషించారు. కంపెనీ ప్రతినిధి పూలగుత్తి పంపాడు. ఆయన్ను మేం చిరునవ్వు గారు అంటాం. ఫోనులో మాట్లాడినా ఆ నవ్వు మనకు కనిపిస్తుంది.

అక్కడితో ఆగి ఉంటే నేనూ మంచి అమ్మాయినే. కానీ నాకొక దురలవాటు. సీసాలో ఏముందో చూడకుండా ఉండలేను. చూస్తే మురికి ఉంది. మూడు వారాలు కూర్చుని ఆ గ్యాసును గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ మరిగించి, మొదటి భాగం, చివరి భాగం పారేసి నడిమి భాగం పట్టాను.

"ఏంటమ్మాయ్, ఆ సీసాకి రోజూ స్నానాలు చేయిస్తున్నావు, పెళ్లిచూపులా?" అన్నాడు స్టోర్ చూసే బాబాయ్.

"మురికుంది బాబాయ్. పదివేల పాళ్లలో మూడు."

"ఓస్, అంతేనా? మన క్యాంటీన్ టీలో పాలూ అంతే ఉంటాయిలే."

ఆ మూడు పాళ్లు చాలు. ఆ మురికిని రాడికల్ గ్యాసుకంటే ముప్పై వేల రెట్లు వేగంగా కొరుకుతుంది. మేం గొట్టంలో కొలిచిన ఆత్రమంతా దానిమీదే. శుభ్రం చేసిన గ్యాసు ఆయుష్షు ముప్పై నాలుగేళ్లు వచ్చింది. నాలుగుసార్లు కొలిచాను. నాలుగుసార్లూ అంతే.

డైరెక్టర్ గారు నన్ను కూర్చోబెట్టి విజ్ఞానశాస్త్రం నేర్పారు.

"బజార్లో అమ్మే గ్యాసు ఇంత శుభ్రంగా ఉంటుందా అమ్మా?"

"ఉండదు సార్."

"మరి దీన్ని కొలిచి ఎవర్ని ఉద్ధరిస్తావు? జనం వాడేదాన్నే కదా కొలవాలి. అయినా మొదటి అంకె కూడా నువ్వు కొలిచిందేగా, అందులో అబద్ధమేముంది? ఆ మూడేళ్ల రిపోర్టు మీద సంతకం పెట్టు. నీ పర్మినెంట్ ఫైలు కూడా ఇక్కడే ఉంది, ఇవాళే చూస్తాను."

ఎంత చక్కటి తర్కం! ఒక్కటే చిన్న ఇబ్బంది. గాలిలోకి వదిలాక ఆ మురికి ఒక్కరోజులో మాయమవుతుంది. మర్నాటి నుంచి మిగిలేది కడిగిన ముత్యంలాంటి గ్యాసు, నిండు నూరేళ్లలో మూడోవంతు బతికేది. పెళ్లికొడుకు వయసెంత అంటే అతని చంకలోని మేనల్లుడి వయసు చెప్పినట్టు. పెళ్లివారు నమ్మరు గాని, ప్రభుత్వాలు నమ్ముతాయి.

నాలుగేళ్లుగా టెంపరరీగా ఉన్నదాన్ని. పెన్ను తీసుకున్నాను. పట్టిక కింద ఒక వాక్యం రాశాను: "ఈ మూడేళ్లు మురికి పుణ్యం, గ్యాసు ఆయుష్షు ముప్పై నాలుగేళ్లు." దాన్ని ఆనుకునే సంతకం పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "ఈ వాక్యం కొట్టేయమ్మా."

"దాన్ని కొడితే సంతకం కూడా కొట్టాలి సార్."

కొలిచినవాళ్ల సంతకం లేనిదే రిపోర్టు బయటికి పోదు. అది ఆయన పెట్టిన రూలే. రిపోర్టు టేబుల్ మీదే ఉండిపోయింది. నా ఫైలు అడుగుకు వెళ్లింది.

అయినా కల్తీని తప్పు పట్టకండి. డైరెక్టర్ గారు ఫోను చేసి అడిగితే, అది పాపం ఎవరూ కావాలని కలిపింది కాదన్నారు. ఫ్యాక్టరీలో పైపు మార్చినప్పుడు పొరపాటున కలిసిందట, కంపెనీవాళ్లకు ఏమాత్రం తెలియదట. చిరునవ్వు గారు స్వయంగా వచ్చి క్షమాపణ చెప్పి, కొత్త నమూనా పంపిస్తామన్నారు.

నిన్న వచ్చింది. కొత్త సీసా, కొత్త సీలు. మెడకు కట్టిన చీటీ మీద అందంగా అచ్చు వేసి ఉంది: "దయచేసి శుద్ధి చేయవద్దు."