రెండుసార్లే పిలిచిన గొంతు

అంతయ్యకు ఆ ఉదయం ఉన్న పనులు రెండే. సూర్యుడికి దండం పెట్టుకోవాలి, పది గంటలకు వచ్చే జపాన్ పెద్దావిడకు తన వెండి తీగపని చూపించాలి. ఆమె ఆర్డరిస్తే కరీంనగర్‌లో మూతపడబోతున్న వాళ్ల సొసైటీ కార్ఖానా నిలుస్తుంది. లేకపోతే యాభై ఆరేళ్ల వయసులో వాచ్‌మన్ పని వెతుక్కోవాలి. అందుకే సొసైటీ మేనేజరు మమతారాణి అతన్ని జపాన్‌లో సముద్రపు ఒడ్డునున్న ఈ కన్వెన్షన్ సెంటర్‌కు వెంటబెట్టుకొచ్చింది. ఎగ్జిబిషన్లు, కచేరీలు, పెళ్లిళ్లు అన్నీ ఇందులోనే జరుగుతాయట.

మూడో అంతస్తు డాబా మీద, సముద్రం వైపు రెయిలింగ్ పక్కన చెప్పులు జతగా విప్పాడు. వంగితే అడ్డొస్తుందని మెడలోని పేరు కార్డు తీసి వాటి మీద పెట్టాడు. పొగమంచులో సూర్యుడి జాడ లేదు. అవతలి వైపునైనా కనిపిస్తాడేమోనని వట్టి కాళ్లతో లోపలికి వెళ్లాడు. వెనక తలుపు దానంతటదే మూసుకుంది. ఎంత గుంజినా రాలేదు.

అదొక పెద్ద హాలు. వేల కుర్చీలు, ఒక్క మనిషి లేడు. అడుగేస్తే నెత్తిమీద దీపం వెలుగుతోంది, వెనకది ఆరిపోతోంది. నిన్న లేని గోడ ఒకటి చప్పుడు లేకుండా జరిగొచ్చి దారికి అడ్డం నిలబడింది. అంతయ్య వెనక్కి తిరగబోయాడు. అప్పుడే ఎక్కడినుంచో ఒక ఆడగొంతు మెత్తగా పిలిచింది.

"అంతయ్య సాన్... అంతయ్య సాన్..."

సాన్ అంటే ఇక్కడ గారు అని మమతారాణి చెప్పింది. పలకబోయి నోరు మూసుకున్నాడు. కనపడని గొంతు పేరు పెట్టి పిలిస్తే మూడోసారికి గాని పలకొద్దని, దయ్యం రెండుసార్లే పిలుస్తుందని అవ్వ చెప్పింది. ఈ గొంతూ సరిగ్గా రెండుసార్లే పిలిచి ఊరుకుంది. ఐదు నిమిషాలకోసారి అదే వరస. అంతయ్య కిమ్మనకుండా కుర్చీల మధ్య నక్కాడు.

పాపం, అంచున జతగా విడిచిన చెప్పులు చూస్తే ఆ దేశంవాళ్లు మనిషి దూకి చచ్చిపోయాడనుకుంటారని అతనికేం తెలుసు. గాజు గోడలోంచి డాబా కనిపించింది. పదిమంది తలలు వంచుకుని తన చెప్పుల చుట్టూ నిలబడ్డారు. ఒకావిడ వాటి ముందు తెల్లటి పువ్వు పెట్టింది. మంచులో పడవలు తిరుగుతున్నాయి. మమతారాణి ఏడుస్తోంది. అంతయ్య ఆ మందపాటి గాజును దబదబా బాదాడు. ఒక్కరూ తిరిగి చూడలేదు.

"నేను పోయిన్నా ఏంది?" అనుకున్నాడు. తర్వాత కార్ఖానా గుర్తొచ్చింది. "పోతె పోయిన, ఆర్డర్ గతి ఏంది?"

పది గంటలకు, ఎగ్జిబిషన్ తెరుస్తూ ఎవరో మీట నొక్కారేమో, గోడ మళ్లీ కదిలింది. ఆ సందులోంచి దూరి తన స్టాలుకు పరుగెత్తాడు. పెద్దావిడ అతని వెండి నెమళ్ల ముందు చేతులు జోడించి నిలబడింది. ఎనిమిదింటినీ అప్పటికే పెట్టెలో సర్దించింది. పక్కనే మమతారాణి కళ్లు తుడుచుకుంటూ బిల్లు రాస్తోంది.

"మేడం, నేను మీకు కనవడుతున్ననా?"

మమతారాణి తిరిగి చూసి, పడబోయి బల్ల పట్టుకుంది. "కనవడుతున్నవ్ కాకా. ఎటు వోయినవ్? మైకుల గంటసేపు పిలిచిన్రు."

"పిలిచిన్రు గని, మూడోసారి పిలువలే."

పెద్దావిడ అతని వట్టి కాళ్లను చాలాసేపు చూసింది. పెట్టె తెరిచి, నెమళ్లన్నీ తీసి మళ్లీ బల్ల మీద పెట్టించింది. అంతయ్య ప్రాణం అప్పుడు నిజంగా పోయినంత పనయింది. ఆమె ఫోన్‌లో ఏదో చెబితే, తెరమీద వచ్చిన తెలుగును మమతారాణి చదివింది.

"పోయినాయన చేసినయి, ఇంక దొరకయని ఎనిమిది కొన్నదట కాకా. నువ్వు బతికే ఉన్నవు గదా, ఇవి మచ్చుకు పెట్టుకొని రెండొందలు చెయ్యమంటున్నది."

బతికుండటం వ్యాపారానికి మంచిదని అంతయ్యకు ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.