పొంపిలియు తాత పొట్టలో నలుగురు

ఆ మంగళవారం పొద్దున రొట్టెల దుకాణంలో పనికి బయలుదేరుతూ పొంపిలియు కోడలు లవీనియా గుమ్మంలో ఆగింది.

"మామయ్యా, నిన్న రారేష్ ఏడు గంటలు టీవీ ముందే ఉన్నాడు. మీరేమో వాడి పక్కనే కూర్చుని గుర్రుపెట్టారు. ఇవాళ కూడా అంతే అయితే రేపే వాణ్ణి బ్రయిలాలో మా అమ్మ దగ్గర దింపేస్తా. సెలవులయ్యేదాకా అక్కడే ఉంటాడు."

పొంపిలియు హత్సెగ్ నుంచి పెట్రొషానికి ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడు. మోకాలి లోతు మంచులో కూడా బండి ఆపలేదని పేరు. భార్య పోయాక, కొడుకు ఓడ ఉద్యోగంలో నెలల తరబడి సముద్రం మీదే ఉండిపోయాక, పగలంతా ఆయనతో పేచీ పెట్టడానికి మిగిలింది ఐదేళ్ల మనవడు రారేష్ ఒక్కడే. వాడు కూడా వెళ్లిపోతే ఆ ఇంట్లో గోడగడియారంతో మాట్లాడుకోవాలి. ఆయన లేచి, టీవీ తీగ ఊడబీకి బీరువా మీదికి విసిరేశాడు.

"పదరా, ఆడుకుందాం."

"ఏం ఆట తాతా?"

అది ఆయనకూ తెలియదు. అయినా చెప్పులేసుకున్నాడు.

వాళ్లుండే హత్సెగ్ చుట్టూ ఉన్న కొండల్లో డైనోసార్ల ఎముకలు దొరుకుతాయి. అందుకని అక్కడి పిల్లలకు మేనత్తల పేర్ల కంటే ముందు వాటి పేర్లు నోటికొస్తాయి. పొంపిలియు ఒక పసుపు బంతి చంకలో పెట్టుకుని, తాముండే ఫ్లాట్ల భవనం వెనకున్న ఖాళీ స్థలంలో ఐదుగురు పిల్లల్ని పోగేశాడు.

"ఇది గుడ్డు. మీరంతా తల్లి డైనోసార్లు. నేను గుడ్డెత్తుకుపోయే రాక్షస డైనోసార్‌ని."

"ఏ జాతి?" అంది మూడో అంతస్తు ఇలింకా. దానికి ఆరేళ్లు.

"పెద్ద కోరలుంటాయే, అది."

"అది మన దగ్గర లేదు తాతా. మనవన్నీ పొట్టివి. వాటిని తినేది ఎగిరే బల్లి. అయినా అది డైనోసారే కాదు."

"సరే, ఎగురుతా," అన్నాడు పొంపిలియు. పైకి వెళ్లి, బస్సు నడిపిన రోజుల నాటి పొడుగు కోటు వేసుకుని దిగాడు. అది జూలై నెల. కోటు అంచులు రెండు చేతులతో పట్టి చాపితే రెక్కలు బాగానే వచ్చాయి.

నేల మీద సుద్దతో గీసిన సున్నాలు గూళ్లు. గుడ్డును ఒక గూటి నుంచి మరో గూటికి విసురుకోవాలి. జారవిడిచినవాణ్ణి బల్లి మింగేస్తుంది. మెట్ల కింద సైకిళ్ల గది దాని పొట్ట. బయట మిగిలినవాళ్లెవరైనా గుడ్డును ఆ గదిలోకి దొర్లించి వెనక గోడకు తగిలిస్తే లోపలివాళ్లందరికీ విడుదల.

మొదటి విసురుకే భవన సంఘం పెద్ద సెప్టిమియు మెట్లు దిగి వచ్చాడు. "ఇక్కడ బంతాట కూడదండీ. నిబంధన."

"బంతి కాదండీ, గుడ్డు."

సెప్టిమియు కాసేపు ఆలోచించాడు. గుడ్ల సంగతి నిబంధనల పుస్తకంలో చూసొస్తానని పైకి వెళ్లాడు.

పొంపిలియు నిజంగానే పరుగెత్తాడు. మోకాళ్లు మొరపెట్టుకున్నా వినలేదు. చిక్కు వేరేచోట వచ్చింది. పొట్టలో చీకటి ఉంది, ఎనిమిది సైకిళ్ల గంటలున్నాయి. మొదట అందులో పడ్డ రారేష్ అన్ని గంటలూ మోగించేసరికి మిగతావాళ్లు గుడ్డును కావాలనే జారవిడవడం మొదలుపెట్టారు. పావుగంటలో నలుగురు లోపల. బయట ఇలింకా తమ్ముడు హొరియా ఒక్కడే, నాలుగేళ్లవాడు, బంతిని గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు. అంతలో లోపల ఎవరో తలుపు ధడాలున మూశారు. పొంపిలియు వెళ్లి లాగాడు. దానంతట అదే తాళం పడిపోయిన తలుపు రాలేదు గాని పిడి ఊడి చేతికొచ్చింది.

సందడి ఆగిపోయేసరికి ఇలింకా తల్లి కిటికీలోంచి తొంగిచూసింది. "హొరియా, అక్కేదిరా?"

"తాత మింగేశాడు."

"మిగతా పిల్లలు?"

"వాళ్లని కూడా."

"ఇప్పుడు తాతేం చేస్తున్నాడు?"

హొరియా తిరిగి చూశాడు. పొంపిలియు మెట్టు మీద కూలబడి, చొక్కా గుండీలు విప్పుకుని రొప్పుతున్నాడు. "తిని కూర్చున్నాడు," అన్నాడు వాడు.

ఆవిడ పరుగున దిగి, పిడి లేని తలుపు చూసి, వెంటనే అగ్నిమాపక దళానికి ఫోన్ చేసింది.

వాళ్లు వచ్చేలోగా సెప్టిమియు తాళంచెవితో దిగాడు. గంభీరంగా తలుపు తీసి లోపల అడుగుపెట్టాడు.

"గుడ్డు లేకుండా వచ్చాడు," అంది చీకట్లోంచి ఇలింకా. "అంటే ఈయన్నీ మింగేసినట్టే."

ఎనిమిది చేతులు ఆయన్ను లోపలికి లాగాయి. తలుపు మళ్లీ మూసుకుంది. తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది గాని, ఆ తాళానికి లోపలి వైపు కన్నం లేదు.

"సెప్టిమియు గారూ, ఏం ఫరవాలేదు కదా?" అని అడిగాడు పొంపిలియు తలుపుకు చెవి ఆనించి.

జవాబుగా సైకిల్ గంట ఒకటి మోగింది.

అగ్నిమాపకులు ఇద్దరొచ్చి రెండు నిమిషాల్లో తలుపు ఊడదీశారు. ఎవరూ బయటికి రాలేదు. గుడ్డు వెనక గోడకు తగిలితేనే వస్తామన్నారు. గుడ్డేమో హొరియా దగ్గరుంది. దొంగలకివ్వనన్నాడు. అగ్నిమాపకుల్లో నెరిసిన మీసాల పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు బేరమాడి, చివరికి తన శిరస్త్రాణం ఇచ్చి గుడ్డు తీసుకున్నాడు. దొర్లించాడు. అది సైకిల్ చక్రానికి తగిలి వెనక్కొచ్చింది.

"అలా కాదండీ," అంది లోపలినుంచి ఒక గొంతు. అది పిల్లలది కాదు. "ఎడమ గోడ వారగా వెయ్యండి. నేను సైకిలు పట్టుకుంటా."

మూడోసారికి గోడ తగిలింది. నలుగురు పిల్లలూ అరుచుకుంటూ బయటపడ్డారు. వెనకాలే సెప్టిమియు, ప్యాంటుకు గొలుసు నూనెతో, "ఇప్పుడు నా గూడేది?" అంటూ వచ్చాడు.

సరిగ్గా అప్పుడే, ఇంటి ముందు అగ్నిమాపక బండి ఉందని ఎవరో చెబితే, చేతులకు పిండితోనే పరుగెత్తుకొచ్చింది లవీనియా. పొంపిలియు కోటు విప్పి మడిచాడు.

"అమ్మాయ్, వాడి బట్టలు నేనే సర్దుతాలే," అన్నాడు ఆమె ముఖంలోకి చూడకుండా.

"అమ్మా, తప్పుకో. నా గూట్లో నిలబడ్డావు," అన్నాడు రారేష్. వాడి ముఖం ఎర్రగా కందింది, జుట్టు చెమటకు అతుక్కుపోయింది.

లవీనియా సుద్ద గీత దాటి పక్కకు జరిగింది. కొడుకును, మామగారిని, మీసాల పెద్దాయన్ను వరసగా చూసింది.

"ఆ కోటు మడతపెట్టేశారేం మామయ్యా? ఇంకా పదకొండన్నా కాలేదు," అంది.

మర్నాడు పదింటికి భవనం వెనక పదకొండు మంది చేరారు. వారిలో పిల్లలు ఐదుగురే.