మామగారి కారులో వెలుగు

పొద్దున్నే లేచి కారు కడగాలి, టైర్లలో గాలి చూపించాలి, పెట్రోలు పోయించాలి, దీపాలు పెట్టే వేళకు మామగారి గుమ్మం ముందు నిలబెట్టి తాళం ఆయన చేతిలో పెట్టాలి. ఇంతే పని. ఈ మాత్రం పనికి, గాజుసామాను కంపెనీలో ప్యాకింగ్ చూసే అల్లుడు రోజంతా సెలవు పెట్టాడు. ఎందుకండీ అంత సెలవు అని భార్య అడిగితే, మీ నాన్నగారి విషయంలో సగం రోజు చాలదన్నాడు.

అందులో వింతేమీ లేదు. మామగారు గోదాములో సరుకుల అప్పగింతలు చూసి రిటైరైన మనిషి. ఏ వస్తువైనా తన చేతిలోంచి పోయేటప్పుడు ఎలా ఉందో, తిరిగొచ్చేటప్పుడూ అలాగే ఉండాలి. మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు, వాడకుండా వదిలేస్తే పాడవుతుందని కారును అల్లుడికి అప్పజెప్పారు. వీల్‌చెయిర్లో కూర్చునే కారు చుట్టూ తిరిగి, ఊతకర్రతో దాని ఒంటిమీది గీతలన్నీ చూపించారు. "ఇది నాది. ఇదీ నాదే. ఇది ఎవడో స్కూటరువాడిది. ఇక మీదట వచ్చేవి మీవి" అన్నారు. పక్కన అత్తగారు సాక్షిలా నిలబడి ఉన్నారు. చివర్లో ఒక షరతు పెట్టారు. చీకటి పడ్డాక బండి తీయకూడదు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన తన వస్తువొకటి నమ్మి అల్లుడి చేతికివ్వడం అదే మొదటిసారి. అంతకుముందు ఒకసారి గొడుగు అడిగితే, వాన తగ్గేదాకా కూర్చోమన్నారు. అందుకే అల్లుడు ఆ కారును బిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాడు. ఆఫీసుకు తీసుకెళ్లడం, వెలుతురుండగానే తెచ్చేయడం. ఒక్క గీత కొత్తగా పడలేదు. ఇప్పుడు కాలి కట్టు విప్పారు, నడపొచ్చని డాక్టరు చెప్పారు. ఈ సాయంత్రమే అత్తగారిని ఎక్కించుకుని, ఊరి అవతలి కొసనున్న ఆవిడ చెల్లెలి ఇంటికి తానే నడుపుకుంటూ వెళ్లాలని మామగారి ముచ్చట.

అల్లుడు బకెట్టూ గుడ్డా పట్టుకుని అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగాడు. అక్కడి ట్యూబులైటు కాలిపోయి ఉంది. కాస్త వెలుతురుంటుంది కదా అని కారెక్కి హెడ్‌లైట్లు వేశాడు. ఎదురుగా గోడంతా వెలిగింది. తన గుండెల ముందు మాత్రం ఏమీ వెలగలేదు. స్పీడు ముల్లు లేదు, పెట్రోలు ముల్లు లేదు, అంకెల్లేవు. డాష్‌బోర్డంతా మూతి ముడుచుకు కూర్చున్నట్టు నల్లగా ఉంది. లైట్లు ఆర్పి వేశాడు, మళ్లీ ఆర్పి వేశాడు. గోడ వెలుగుతోంది, డాష్‌బోర్డు వెలగడం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం తను తడిగుడ్డతో డాష్‌బోర్డు తుడిచాడు. ఒకసారి తుడిస్తే సరిపోయేది. బాగా మెరవాలని మళ్లీ తుడిచాడు. నీళ్లు లోపలికి దిగి ఉంటాయి. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

భార్యను కిందికి పిలిచి చూపించాడు. "నాన్నకు ఫోన్ చేసి, లైట్లు పోయాయని చెప్పేస్తే పోలా" అందామె.

"చెప్పొద్దు. నేనే పాడుచేశాననుకుంటారు."

"మీరే పాడుచేశారు కదండీ."

"అందుకే చెప్పొద్దంటున్నాను."

ఈ మాటలు పైకి వినిపించాయో ఏమో, రెండో అంతస్తులో ఉండే వీడియోల మాస్టారు మెట్లు దిగి వచ్చారు. ఆయన ఏ స్కూల్లోనూ పాఠం చెప్పలేదు. ఫోన్లో వీడియోలు చూసి ఎవరింట్లో ఏది పాడైనా బాగుచేయబోతారు గనుక ఆ పేరు స్థిరపడింది. సంగతి వినగానే ఫ్యూజు పోయిందని తేల్చేశారు. స్టీరింగు కింద మూత ఊడదీసి, వీడియోలో చూపించినట్టే ఫ్యూజులన్నీ ఒక్కొక్కటే పీకి, కారులోనే ఉండిపోయిన అల్లుడి టిఫిన్ డబ్బా మూతలో వేశారు. అన్నీ పీకాక వీడియోలోని కారు వేరే కంపెనీదని బయటపడింది. ఫర్వాలేదు, కరెంటు ఎక్కడైనా కరెంటే అన్నారు మాస్టారు.

మూత బానెట్టు మీద పెట్టి ఉంది. కంగారులో అల్లుడు తలుపు దభీమని వేశాడు. మూత జారింది. ఫ్యూజులు సెల్లారంతా చెల్లాచెదురయ్యాయి. ముగ్గురూ నేల మీద కూర్చుని, ఫోన్ల వెలుతురులో వెతికి, రంగును బట్టి ఎక్కడివక్కడ గుచ్చేశారు. ఒక్కటి మాత్రం మురుగునీటి జాలీలోకి పోయింది. అది ఏ రంగుదో ఎవరికీ గుర్తు లేదు.

తాళం తిప్పి చూస్తే డాష్‌బోర్డు చీకటి చీకటిగానే ఉంది. పైగా డ్రైవరు పక్క కిటికీ అద్దం కిందికి దిగి పైకి రానంటోంది. గడియారం ఆగిపోయింది. మామగారు ఏరి కోరి పెట్టుకున్న రేడియో స్టేషన్లన్నీ పోయాయి. ఇంతసేపూ ఒక్క జబ్బుతో ఉన్న కారుకు ఇప్పుడు ఒళ్లంతా జబ్బులే. మాస్టారు పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని చెప్పి మెట్లెక్కి వెళ్లిపోయారు. ఆ రోజుకు మళ్లీ కిందికి దిగలేదు.

సరిగ్గా అప్పుడే అల్లుడి ఫోన్ మోగింది. మామగారు. కారు ఎలా ఉందని అడిగారు. "కడుగుతున్నానండీ మామయ్యగారూ" అన్నాడు అల్లుడు, చేతిలో ఖాళీ బకెట్టుతో. ఆ నిమిషంలోనే, చేతులు కడుక్కోవడానికి పైకెళ్లిన భార్యకు వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఆయన పెట్రోలు కోసం బంకుకు వెళ్లారమ్మా అని ఆమె చెప్పింది. ఫోన్లు వేరైనా, అక్కడ ఇద్దరూ కూర్చున్నది ఒకే హాల్లో. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నారు. కారు ఒకేసారి ఇంట్లోనూ బంకులోనూ ఉందంటే, నిజానికి ఎక్కడో గుద్దేసి ఉంటాడని నిర్ధారించుకున్నారు. అత్తగారు మళ్లీ ఫోన్ చేసి, అబ్బాయికి దెబ్బలేమైనా తగిలాయా, నాతోనైనా నిజం చెప్పమని కూతుర్ని బతిమాలారు. ఏం లేదమ్మా, అసలేం లేదని ఆమె గబగబా అనేసి పెట్టేసింది. దాంతో వాళ్లకు ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది.

మధ్యాహ్నానికి కారు ఒక ఆటో ఎలక్ట్రీషియన్ షెడ్డులో ఉంది. ఆయనది బతుకు మీద పెద్దగా ఆశలు లేని ముఖం. డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకుని, ఎవరైనా చెయ్యి పెట్టారా అని అడిగారు.

ఫ్యూజుల కథ చెబితే ఎంత నామోషీ. "ఎవరూ ముట్టుకోలేదండీ. పొద్దున చూస్తే ఇలా ఉంది" అన్నాడు అల్లుడు.

ఆ ఒక్క అబద్ధం కొంప ముంచింది. ఎవరూ ముట్టుకోకుండా లైట్లూ అద్దమూ గడియారమూ ఒకేసారి పోయాయంటే మామూలు జబ్బు కాదు, లోపలి వైరింగు మొత్తం కాలి ఉంటుందన్నారు ఎలక్ట్రీషియన్. స్క్రూలు విప్పడం మొదలుపెట్టారు. ముందు స్టీరింగు చుట్టూ ఉన్న ప్లాస్టిక్కు ఊడింది. తర్వాత రేడియో ఊడింది. ఆ తర్వాత మీటర్ల పెట్టె వైర్లతో సహా బయటికొచ్చి అత్తగారి సీట్లో కూర్చుంది. ఆ సీటు ఆవిడకు తప్ప ఎవరికీ ఇవ్వరు మామగారు. దాని మీద కారు పేగులన్నీ పరిచి ఉండడం చూడలేక అల్లుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

వైర్లు బాగానే ఉన్నాయి. బల్బులూ బాగానే ఉన్నాయి గానీ, ఎలాగూ విప్పాం కదా అని ఎలక్ట్రీషియన్ వాటి స్థానంలో కొత్తరకం తెల్ల బల్బులు పెట్టారు. వెలగలేదు. చిట్టచివరికి ఫ్యూజుల పెట్టె తెరిచి, ఒక గది ఖాళీగా ఉండడం గమనించి, అల్లుడి వైపు చాలాసేపు చూశారు. అల్లుడు పైకప్పు వైపు చూశాడు. కొత్త ఫ్యూజు పడగానే అద్దం పైకి లేచింది, గడియారం కదిలింది. డాష్‌బోర్డు మాత్రం ససేమిరా అంది.

ఎండ దిగిపోతోంది. భార్య ఫోన్ చేసి, నాన్న ఇంకాసేపు చూసి ఆటోలో తానే మనింటికి బయల్దేరతానంటున్నారని చెప్పింది. ఇన్నేళ్లకు ఒక్కసారి నమ్మిన మనిషి. ఆ నమ్మకం ఈ షెడ్డులో విప్పి పడేసి ఉంది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు గానీ, మామగారి దగ్గర పోయిన మాట మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? అల్లుడికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఎలక్ట్రీషియన్ అన్నీ తిరిగి బిగిస్తుంటే ఒక స్క్రూ కింద పడింది. అల్లుడు మోకాళ్ల మీద కూర్చుని స్టీరింగు కింద చెయ్యి పెట్టి తడిమాడు. ఎడమ పక్కన, ఎవరి కంటికీ ఆనని చోట, చిన్న పళ్ల చక్రం ఒకటి బొటనవేలికి తగిలి గిర్రున తిరిగింది. అంతే, డాష్‌బోర్డు బట్టల దుకాణంలా వెలిగిపోయింది. కిందికి తిప్పితే చీకటి. పైకి తిప్పితే వెలుగు. పొద్దుటి నుంచీ పాడైంది ఏదీ లేదు. ఎవరో ఆ చక్రాన్ని అడుగుదాకా తిప్పి పెట్టారు. గుడ్డతో తుడిచినప్పుడే తిరిగి ఉంటుందని అల్లుడు అనుకున్నాడు.

"చెప్పానా, అంతా వైరింగు లోపమే" అన్నారు ఎలక్ట్రీషియన్, ఏ ముఖకవళికా మారకుండా.

అల్లుడికి ఆనందం కన్నా భయం ముందొచ్చింది. మామగారి మోకాలు తగిలి, ఆయన ముందే మళ్లీ ఆరిపోతే? ప్యాకింగులో అతను నేర్చుకున్నది ఒకటే. కదిలే వస్తువును కదలకుండా చేస్తేనే నిద్ర పడుతుంది. కారులో ఉన్న ఆఫీసు సంచిలోంచి గాజు అంటించే గమ్ము తీశాడు. వద్దంటున్నా వినకుండా, చక్రాన్ని పై కొసకంటా తిప్పి, సందులో గమ్ము పిండి, ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు మొగుడూ పెళ్లాలు మామగారింటి ముందు దిగారు. వాకిట్లోనే కాచుకుని ఉన్న అత్తగారు కారు సంగతి పక్కనబెట్టి, అల్లుడి చేతులూ నుదురూ పరిశీలించి, ఎక్కడా కట్టు లేకపోయేసరికి లోపలి దెబ్బలేమోనని మరింత దిగులుపడ్డారు. మామగారు కారు చుట్టూ తిరిగారు. ఇది నాది, ఇదీ నాదే, ఇది స్కూటరువాడిది. కొత్తది ఒక్కటీ లేదు. మొహం విప్పారింది. రేడియో ఇంకా చూడలేదు. ఇద్దరినీ కూడా రమ్మని వెనక సీటు చూపించారు. వెనక కూర్చుంటే తల తిరిగే అత్తగారు ఎప్పటిలా ముందు కూర్చున్నారు.

కాస్త దూరం పోయాక చీకటి పడింది. మామగారు లైట్లు వేశారు. ముందు రోడ్డు వెలిగింది. అంతకు రెండింతలుగా డాష్‌బోర్డు వెలిగింది. మామగారి గడ్డమూ అత్తగారి కళ్లద్దాలూ తెల్లగా మెరిసిపోయాయి.

"ఏమిటండీ ఇది" అన్నారు అత్తగారు ముందుకు వంగి. "మనం ఎప్పుడూ చీకటి పడ్డాకే వెళ్తాం, ఇవేవీ కనబడేవి కాదే. ఈ కంపెనీ వాళ్లు ఇలాగే చేస్తారన్నారు కదా మీరు."

వెనక నుంచి అల్లుడు వినయంగా, అవి పాడైపోయి ఉంటే ఇవాళ బాగుచేయించానని చెప్పుకున్నాడు. మామగారు రోడ్డు వైపే చూస్తూ నడిపారు. అత్తగారు అప్పటికే ముళ్లు చదువుకుంటున్నారు. "ఈ ముల్లు స్పీడుదా? అరవైలో ఉందే. నలభై దాటనని మా చెల్లి ముందు ఒట్టేశారు. ఎప్పుడూ ఇంతేనా?" కొంచెం ఆగి, "ఈ పక్కది పెట్రోలా? ఓహో. అందుకా ప్రతిసారీ మనం నడిరోడ్డు మీద ఆగిపోయేది" అన్నారు.

మామగారి ఎడమ చెయ్యి నెమ్మదిగా స్టీరింగు కిందికి వెళ్లింది. ఆ చేతికి దారి తెలుసు. చీకట్లో తిన్నగా ఆ పళ్ల చక్రం దగ్గరికే చేరింది. బొటనవేలు చక్రాన్ని కిందికి నొక్కింది. చక్రం కదల్లేదు. గోటితో గీకింది. కదల్లేదు. వెనక సీట్లోంచి అల్లుడు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఆ చక్రం తిరిగింది తన తడిగుడ్డకు కాదు. సాక్షిగా అత్తగారు నిలబడ్డ ఆ అప్పగింతలో ఈ ఒక్క సంగతి ఎందుకు రాలేదో ఇప్పుడు అర్థమైంది. ఎన్నేళ్లుగానో మామగారు దాచుకున్న ఆ చిన్న స్వేచ్ఛను తను గమ్ము పెట్టి మరీ మూసేశాడు.

"యాభై" అన్నారు అత్తగారు. "ఇంకా తగ్గించండి. నలభై ఐదు. మలుపులో ఇంత వేగమా? ఇది చూశారా, ఈ ఎర్రదీపంలో సీటు బెల్టు బొమ్మ ఉంది. మీరు పెట్టుకోలేదని చెబుతోంది."

మామగారు కారును రోడ్డు పక్కకు తీసి ఆపారు. కాలు ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదన్నారు. కిందికి దిగి, వెనక తలుపు తీసి, తాళం అల్లుడి అరచేతిలో పెట్టి, ఆ వేళ్లను తన చేత్తోనే మూశారు. చీకట్లో అద్దంలోంచి పడుతున్న డాష్‌బోర్డు వెలుగులో ఆయన ముఖం చాలా ప్రశాంతంగా ఉంది.

"అల్లుడుగారూ, వస్తువును ఇచ్చినదానికన్నా బాగా తిరిగిచ్చిన మనిషిని నేను గోదాములో కూడా చూడలేదు. ఇది ఇక నాకొద్దు. మీరే ఉంచుకోండి. నేను వెనక కూర్చుంటాను."

ఈ మాట కోసమే అల్లుడు పెళ్లయినప్పటి నుంచీ ఎదురుచూశాడు. దిగి వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. మామగారు వెనక కూతురి పక్కన చేరి, కాళ్లు చాపుకుని, హాయిగా కళ్లు మూసుకున్నారు. కారు కదిలింది. అత్తగారు కళ్లద్దాలు సరిచేసుకుని, ముళ్లకేసి వంగారు.

కారు ఆ విధంగా అల్లుడిదైంది. అత్తగారి ముందు సీటు మాత్రం చేతులు మారలేదు.