ర్యాకులాయన ఇంటి ర్యాకు

ఆదివారం పొద్దున్నే లేచి ర్యాకులాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, వంటింటి గోడకు గిన్నెల ర్యాకు బిగించాలి, రాలిన సున్నం ఊడ్చాలి, గడ్డం గీసుకోవాలి, సాయంత్రం స్టేషనుకు వెళ్ళి భార్యను తీసుకురావాలి. ఇందులో ఆయనకు చేతకానిది ఏదీ లేదు. గోడకు ర్యాకు ఎలా బిగించాలో ఊరందరికీ చెప్పేదే ఆయన.

ఆయన పనిచేసే దుకాణంలో ర్యాకులు తప్ప ఇంకేమీ అమ్మరు. కారు పైకప్పు మీద సామాను పెట్టుకునేవి, సైకిళ్ళు నిలబెట్టుకునేవి, చెప్పులవి, పుస్తకాలవి, పళ్ళేలవి, గరిటెలవి, అన్నీ ఉంటాయి. కొన్నవాళ్ళకు, కొనబోయేవాళ్ళకు, ఇంకెక్కడో కొని చెడగొట్టుకున్నవాళ్ళకు కూడా ఫోన్లో సందేహాలు తీర్చడం ఆయన ఉద్యోగం. "తడి గిన్నెలు పెడితే తుప్పు పడుతుందా?" "పిల్లి ఎక్కి పడుకుంటే ఆగుతుందా?" "కారు కడిగినప్పుడల్లా ర్యాకు విప్పాలా?" ఇలాంటివన్నీ ఆయన చెవిలోనే పడతాయి. సెలవురోజున దుకాణానికి తాళం పడుతుంది గాని, ఆ ఫోను మాత్రం ఆయన జేబులోకి వచ్చి చేరుతుంది. దాని నోరు నొక్కే ధైర్యం ఆయనకు లేదు.

ఇంత ఉండీ ఆయన వంటింట్లో ర్యాకు లేదు. కాపురం పెట్టిన కొత్తలోనే భార్య అడిగింది. ఆయన "రేపు" అన్నాడు. ఆ రేపు కోసం చూస్తూ గిన్నెలన్నీ ఒకదానిలో ఒకటి దూరి కాలక్షేపం చేస్తున్నాయి. అడుగున ఉన్నది కావాలంటే పైవన్నీ దించాలి, దించినవన్నీ దొర్లాలి. ఆ చప్పుడుకు ఆమె విసుక్కోవాలి, ఆయన పేపరు అడ్డం పెట్టుకోవాలి.

ఆమె నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. ఏడాది కిందట ఎక్కడో దూరపు ఊళ్ళో కొత్త ల్యాబు తెరిచి ఆమెను అక్కడికి పంపారు. ఆమె వెళ్ళాక ఇంట్లో గిన్నెల చప్పుడు లేదు. మొదట్లో హాయిగా ఉందనుకున్నాడు. ఇంట్లో ఒక మనిషి ఉందని చెప్పేది ఆ చప్పుడేనని ఆ తర్వాత తెలిసొచ్చింది. ఈమధ్య అవసరం లేకపోయినా అడుగు గిన్నె లాగి చూస్తున్నాడు. గిన్నెలు అలాగే దొర్లుతున్నాయి, విసుక్కునే గొంతే లేదు.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు. "వచ్చెయ్" అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. అలా అంటే ఆమె ఉద్యోగానికి అడ్డం పడినట్టవుతుందేమోనని దాన్ని మింగేసి, దుకాణంలోకి కొత్తగా వచ్చిన చెప్పుల స్టాండు గురించి చెబుతాడు. ఈ నెలతో ఆమె గడువు తీరిపోతోంది. కావాలంటే ఇంకో ఏడాది అక్కడే ఉండొచ్చు. మొన్న ఫోన్లో ఆమె, "ఆదివారం వస్తున్నాను, వచ్చాక మాట్లాడదాం," అంది. ఉండిపోతానని చెప్పడానికే వస్తోందని ఆయన తేల్చేసుకున్నాడు. వంటింట్లో అడుగుపెట్టగానే ఎదురుగా ర్యాకు కనబడితే ఆ మాట అనడానికి ఆమెకు నోరు రాకపోవచ్చునని ఆయన ఆశ.

డ్రిల్లు పట్టుకుని గోడ ముందు నిలబడ్డాక మొదటి చిక్కు వచ్చింది. ఎంత ఎత్తున బిగించాలి? ఫోన్లో ఎవరడిగినా "వాడేవాళ్ళ చెయ్యి అందేంత" అని ఠక్కున చెప్పేస్తాడు. మరి ఆమె చెయ్యి ఎందాకా అందుతుంది? కళ్ళు మూసుకున్నాడు. పక్కన నిలబడితే ఆమె తల తన భుజం దాకా వస్తుంది. వస్తుందా, ఇంకాస్త కిందికా? అటక మీది డబ్బా కోసం మునివేళ్ళ మీద లేచి, అందక, వెనక్కి తిరిగి ఆయన వంక చూసేది. ఆ చూపు బాగా గుర్తుంది గాని చెయ్యి ఎక్కడ ఆగిందో గుర్తు లేదు. గోడ మీద పెన్సిలుతో ఒక గీత గీశాడు, చెరిపాడు, ఇంకోటి గీశాడు. కట్టుకున్న భార్య ఎత్తు కూడా మరిచిపోయానే అని చెప్పలేనంత దిగులు కలిగింది.

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది.

"సార్, నేను టాక్సీ డ్రైవర్ని. మా కారు మీదున్నది మీ దుకాణం ర్యాకే. దాని మీద నంబరు చూసి చేస్తున్నా. బీరువా ఎక్కించొచ్చా సార్? చిన్నదే."

"ఖాళీదా, నిండుదా?"

"నిండుదే సార్. బట్టలు తియ్యనంటున్నారు మేడం."

"నిండు బీరువా పెట్టకూడదండీ. ఇంకా ఏమేం ఉన్నాయి?"

"కుట్టుమిషను, టేబులు, పరుపు, గిన్నెల స్టాండు. ఇల్లు మొత్తం ఖాళీ చేసేశారు."

"అన్నీ ఒక్క కారు మీదే! మీ మేడం బాగా మొండిమనిషిలా ఉన్నారే."

డ్రైవరు దగ్గాడు. ర్యాకులాయన భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, పరుపు ఎక్కడ పరవాలో, బరువు ఎక్కడ ఉండాలో పాఠం మొదలుపెట్టాడు. నోరు పాఠం చెబుతుంటే చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. ఫోను పెట్టేసేసరికి ర్యాకు గోడకు ఉంది. "ముందు గోడ మందమెంతో చూసుకోండి" అని రోజూ జనాన్ని హెచ్చరించే మనిషి ఆ ఒక్క పనీ చెయ్యలేదు. చేతికందిన పొడుగు బోల్టులు పెట్టేశాడు.

అంతలో గోడ మాట్లాడింది.

"ఏం నాయనా, మా ఇంట్లోకి వచ్చేస్తున్నావేంటి?"

ఆ గోడకు అటువైపు హెడ్మాస్టరమ్మ వంటిల్లు ఉంది. ఆవిడ ఉద్యోగం నుంచి రిటైరైంది గాని గొంతు ఇంకా రిటైరు కాలేదు. క్షమాపణ చెప్పుకుందామని పరుగున వెళ్ళాడు. అక్కడ గోడలోంచి నాలుగు బోల్టులు వేళ్ళలా బయటికొచ్చి ఉన్నాయి. ఆవిడ అప్పుడే ఒకదానికి పెనం, ఒకదానికి జల్లెడ, ఒకదానికి బాణలి తగిలించేసింది. నాలుగోదానికి ఏం తగిలించాలా అని ఆలోచిస్తోంది.

"పిన్నిగారూ, పొరపాటున..."

"ఇక్కడ నాలుగు మేకులుంటే ఎంత బావుణ్ణని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నా. అడక్కుండానే చేశావు. చల్లగా ఉండు నాయనా."

బతికానురా దేవుడా అనుకుంటూ ఇంటికొచ్చి దూరం నుంచి చూసుకున్నాక ఆయనకు అసలు సంగతి తెలిసింది. ర్యాకు ఉన్నది ఆమె ఎత్తులో కాదు, తన ఎత్తులో! పై అరలో ఏముందో చూడాలంటే ఆమె కుర్చీ ఎక్కాలి. వెంటనే పానా తీసుకుని ఒక నట్టు వదులు చేశాడు. అటువైపు ఖంగుమంది.

"పెనం పడింది నాయనా!"

గబగబా బిగించి రెండోది వదులు చేశాడు.

"జల్లెడ! అక్కడ నువ్వు విప్పితే ఇక్కడ నా వంటిల్లు ఊడిపోతోంది. ముట్టుకున్నావంటే ఒప్పుకోను!"

ఆ విధంగా ఆయన ఇంటి ర్యాకు మీద పక్కింటికి హక్కు వచ్చేసింది. మధ్యాహ్నం దాటేదాకా తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు డ్రైవరు మళ్ళీ ఫోను చేశాడు.

"సార్, బట్టలు మూటకట్టి బీరువా ఖాళీ చేయించా. బయల్దేరి చాలా దూరమే వచ్చేశాం. కానీ కారు కుంగిపోతోంది. మీ ఊరి బయట టీ కొట్టు దగ్గర ఆపాను."

"నేను ముందే చెప్పానా? దింపండి! గిన్నెల స్టాండు ముందు దింపండి. అలాంటివి ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. కొత్తది కొనుక్కుంటే గోడకు బిగించే దిక్కు కూడా లేదా ఆవిడకి?"

అవతల గుసగుసలు వినిపించాయి.

"లేదంటున్నారు సార్."

"అయితే ఎవరికైనా ఇచ్చేసి కదలమనండి!"

కసురుకున్నందుకు తర్వాత నొచ్చుకున్నాడు. స్టూలు తెచ్చి ర్యాకు కింద పెట్టి చూశాడు. స్టూలెక్కితే అందుతుంది గాని, ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి. ఏడాది తర్వాత ఇంటికొచ్చిన మనిషిని మొదటిరోజే కిందపడేసినట్టవుతుంది. స్టూలు లాగి దానిమీద తనే కూలబడ్డాడు. ఫోను ముచ్చటగా మూడోసారి మోగింది.

"సార్, స్టాండు టీ కొట్టాయనకి ఇచ్చేశాం. అయినా లాభం లేదు. మేడం వెనక్కి తిప్పమంటున్నారు."

"అదే మంచిది. తిప్పేయండి."

"అంత తేలిగ్గా అనేశారేంటి సార్? పాపం ఆవిడ ఏడాది తర్వాత ఇంటికెళ్తున్నారు. ఆయనగారు ఒక్కసారి కూడా వచ్చెయ్ అనలేదట. అసలు తన అవసరం ఆ ఇంట్లో ఉందో లేదో అనుకుంటూనే బయల్దేరారట. ఇప్పుడు మీరు కూడా వద్దు వద్దంటుంటే, అక్కడే ఉండిపోతానంటున్నారు."

ర్యాకులాయన స్టూలు మీంచి లేచాడు. మొహం తెలియని మనిషితో మాట్లాడుతున్నాడు కాబట్టి మాటలు వాటంతటవే వచ్చేశాయి.

"అనలేదంటే వద్దని కాదండీ. ఆవిడకి చెప్పండి. నేనూ మా ఆవిడతో ఆ మాట అనలేదు. అంటే నాకోసం ఉద్యోగం పాడుచేసుకుంటుందేమోనని భయం. ఏడాదంతా చెప్పుల స్టాండుల కబుర్లు చెప్పాను. తను లేకుండా నాకు అన్నం సయించట్లేదు. పొద్దున్నే రెండు కప్పులు తీస్తాను, ఒకటి మళ్ళీ లోపల పెట్టేస్తాను. ఈ సాయంత్రం రైల్లో వస్తోంది. ఇక్కడే ఉండిపోవే అని కాళ్ళు పట్టుకుందామనుకుంటున్నా. మీ మేడంని వెనక్కి తిప్పకండి బాబూ. బరువెక్కువైతే మెల్లగా నడపండి, అంతే."

అవతల ఒక లారీ హారను కొట్టుకుంటూ పోయింది. ఆ తర్వాత వినిపించింది డ్రైవరు గొంతు కాదు.

"నేను రైల్లో వస్తున్నానని మీకెవరు చెప్పారు?"

ఆయన చేతిలోని పానా నేలమీద పడింది. "ఈసారేం పడింది నాయనా?" అని అడిగింది గోడ.

"నువ్వా?"

"నేనే, మొండిమనిషిని. పొద్దుట్నుంచీ స్పీకర్లో వింటూనే ఉన్నా."

"మరి చెప్పవేం?"

"నాతోకంటే టాక్సీవాళ్ళతోనే బాగా మాట్లాడుతున్నారు. అందుకని విన్నాను. ఇందాక గోడకు బిగించే దిక్కు లేదా అన్నప్పుడు మాత్రం నిజంగానే వెనక్కి పోదామనుకున్నా."

"మరి నీ ఉద్యోగం?"

"గడువు తీరింది. పాత ల్యాబుకే వేయించుకున్నా. ఫోన్లో చెబుదామంటే మీరు చెప్పుల స్టాండు దిగి వస్తేగా!"

"వచ్చెయ్," అన్నాడాయన. ఒకసారి అన్నాక ఆగలేక, "వచ్చెయ్, వచ్చెయ్" అని గోడ అవతలికి కూడా వినబడేలా అన్నాడు.

"ఎలా రానూ? బరువెక్కువైందని మీ దుకాణంవాళ్ళే అన్నారుగా. మీరే రండి."

దుకాణం ప్రచారం కోసం ఆయన కారు మీద కూడా ఒక ర్యాకు ఉంది. గడ్డం సంగతి మరిచిపోయి కారు తీశాడు. టీ కొట్టు పక్కన బీరువా, కుట్టుమిషను, బట్టల మూటలు ఉన్నాయి. గిన్నెల స్టాండు నిండా అప్పటికే టీ గ్లాసులు బోర్లించి ఉన్నాయి. మూటల మధ్య ఆమె నిలబడి ఉంది. ఆయన దగ్గరికెళ్ళాడు.

"చిక్కిపోయారు," అంది ఆమె.

"నువ్వు నా భుజం దాకా కూడా రావు," అన్నాడాయన, ఏదో పెద్ద సంగతి కనిపెట్టినవాడిలా.

డ్రైవరు సగం సామాను ఆయన కారు మీదికి మార్చాడు. "మీరిద్దరూ కూర్చోండి సార్, కట్టడం నాకొదిలెయ్యండి," అన్నాడు. కూర్చున్నారు. తాడు ఒక కిటికీలోంచి లోపలికొచ్చి రెండో కిటికీలోంచి బయటికి పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఇంకెవరైనా అలా కట్టామని చెబితే ర్యాకులాయన ఫోన్లోనే కేకలేసేవాడు. ఇప్పుడు ఆ తాడు తన ముక్కు ముందునుంచే పోతున్నా చూడలేదు. ఆమె మాట్లాడుతోంది, ఆయన వింటున్నాడు.

ఇంటి ముందు కారు ఆపి తలుపు తోస్తే రాలేదు. రెండోవైపూ రాలేదు. తాడు నాలుగు తలుపుల్నీ కలిపి బిగించేసింది, ముడేమో పైన బీరువా కింద ఉంది. ముడి వేసిన డ్రైవరు, మెల్లగా నడపమన్న సలహాను తు.చ. తప్పకుండా పాటిస్తూ ఎక్కడో వెనకాల ఉన్నాడు. హెడ్మాస్టరమ్మ కత్తి తీసుకుని బయటికొచ్చింది.

"కోసెయ్యనా నాయనా?"

"వద్దు పిన్నిగారూ, బీరువా మీ మీద పడుతుంది!"

ఆవిడ అరుగు మీద కూర్చుని నిఘా మొదలుపెట్టింది. లోపల ఆయన గొంతు సవరించుకున్నాడు.

"వంటింట్లో ర్యాకు బిగించాను."

"అబద్ధం."

"బిగించాడమ్మా," అని అరుగు మీదనుంచి సాక్ష్యం వచ్చింది. "నా వైపు కూడా బిగించాడు."

"కానీ ఎత్తు ఎక్కువైంది. నీకు అందదు," అన్నాడాయన మొహం చిన్నబుచ్చుకుని. "విప్పుదామంటే పిన్నిగారు ఒప్పుకోవట్లేదు. గిన్నె కావాల్సినప్పుడల్లా నన్ను పిలువు. వచ్చి తీసిస్తా."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, నవ్వు మాత్రం ఆపుకోలేకపోయింది. "అయితే దాన్ని అక్కడే ఉండనివ్వండి," అంది.

"డ్రైవరు ఎప్పటికొచ్చేను! అంతదాకా ఇలాగే ఉంటారా ఇద్దరూ?" అంది హెడ్మాస్టరమ్మ.

"తొందరేం లేదు పిన్నిగారూ," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

కారు మీది సామాను తాడును కిటికీల్లోంచి పోనిచ్చి కట్టొచ్చా అని ఎవరైనా అడిగితే ససేమిరా వద్దని చెప్పడం ర్యాకులాయన ఉద్యోగం. ఆ సోమవారం నుంచి మాత్రం, లోపల కూర్చునేది ఎవరెవరని ముందు అడుగుతున్నాడు.