సుడిగాలి ఫోటోకు ముందస్తు అనుమతి

నాగరికత అనేది వరుసలో నిలబడటంతో మొదలవుతుంది. ఈ సంగతి మనుషులకు తెలుసు, పశువులకు కొంత తెలుసు, టోర్నడోలకు మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికే కాన్సస్ రాష్ట్రంలోని మా బ్రెనర్ కౌంటీవారు పెనుసుడిగాలుల ఛాయాచిత్ర అనుమతుల విభాగాన్ని స్థాపించారు. విభాగానికి ఒక కిటికీ ఉంది. కిటికీ వెనక గుమాస్తాను నేను.

విభాగం పుట్టడానికి కారణం కిందటేడు మే నెలలో జరిగిన సంఘటన. సుడిగాలుల వెంటపడి ఫోటోలు తీసేవాళ్ళ కార్లు అరవై, పొలాల మధ్య మట్టిరోడ్ల కూడలికి నాలుగు వైపుల నుంచీ ఒకేసారి వచ్చి చేరాయి. నాలుగు వైపులా 'ఆగుము' బోర్డులున్నాయి. మావాళ్ళు మర్యాదస్తులు. "మీరు పదండి" అని ఒకరు చెయ్యి ఊపారు. "అబ్బే, మీరే కదా ముందొచ్చారు" అని రెండోవారు. ఈ మర్యాద పదకొండు నిమిషాలు సాగింది. ఆ కూడలిలో ఆగకుండా వెళ్ళింది సుడిగాలి ఒక్కటే. (షెరీఫ్ గారు దానిమీద చలానా రాశారు. చిరునామా గడి ఇంకా ఖాళీగానే ఉంది.) అరవై మందిలో ఒక్కరికీ ఫోటో దక్కలేదు.

మా సూపర్‌వైజర్ డెల్మర్ ఫ్రీసెన్ గారు రాసిన నిబంధనలు చాలా తేలిక. దరఖాస్తు సుడిగాలికి పద్నాలుగు పనిదినాల ముందు అందాలి. అది వచ్చే తేదీ, సమయం, నేలను తాకే చోటు స్పష్టంగా రాయాలి. కొట్టివేతలు చెల్లవు. ఆ పొలం ఎవరిదో వారి సంతకం కావాలి. వడగళ్ళకు వేరే పత్రం. (గోల్ఫ్ బంతి సైజు వరకు పసుపు కాగితం, బేస్‌బాల్ దాటితే గులాబీ.)

ఈ ఏడు మొదటి దరఖాస్తు వెల్డా అన్రూ గారిది. వయసు డెబ్బై మూడు. నేను చదివిన బడికి బస్సు నడిపింది ఆవిడే. ముప్ఫై ఒక్క వసంతాలుగా సుడిగాలుల వెంట తిరుగుతోంది, చెప్పుకోదగ్గ ఫోటో ఒక్కటీ లేదు. ఒకసారి వైపర్ అడ్డం వచ్చింది. ఒకసారి ఆవు. ఒకసారి, రాష్ట్రమంతా మెచ్చదగ్గ సుడిగాలి ముందు, వాళ్ళాయన బొటనవేలు. ఇప్పుడు చూపు తగ్గిందని, జూన్ ఒకటి నుంచి కారు ముట్టుకోవద్దని డాక్టర్ తేల్చేశాడు. అంటే ఆవిడకు మిగిలింది ఈ ఒక్క మే నెల.

"ఏంటే పిల్లా, ఈ గడిలో ఏం రాయాలి?"

"సుడిగాలి ఎప్పుడొస్తుందో రాయాలండీ."

"అది నాకు తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తానే? అక్కడే కుర్చీ వేసుక్కూర్చుంటాను కదా!"

"సుమారుగా రాసినా చాలండీ. తేడా వస్తే మాత్రం రద్దవుతుంది."

"నీ చీమిడి ముక్కు తుడిచి బళ్ళో దింపిన మనిషిని. కాస్త చూడవే."

"అందుకేనండీ మీకు పెన్ను ఇచ్చాను. మిగతావాళ్ళు ఎవరి పెన్ను వాళ్ళే తెచ్చుకోవాలి."

ఆవిడ ఆలోచించి ఇరవై తొమ్మిదో తేదీ, నాలుగు గంటలు, తన గోధుమ చేను అని రాసింది. డెల్మర్ గారు దాన్ని వెనక్కి పంపారు. దరఖాస్తుదారు సంతకం, పొలం యజమాని సంతకం అనుమానాస్పదంగా ఒకేలా ఉన్నాయట.

ముప్ఫయ్యో తేదీలోగా సుడిగాలులు మూడు వచ్చాయి. ఎవరు రాసిన తేదీతోనూ కుదరలేదు కనక, మూడింటినీ రానట్టుగా నమోదు చేశాం.

ముప్ఫై ఒకటో తేదీ సాయంత్రం వరుసలో పదకొండు మంది ఉన్నారు. వెల్డా గారు మెడలో కెమెరాతో, సంతకాలు వేర్వేరు చేతులతో పెట్టిన కొత్త దరఖాస్తుతో చిట్టచివర నిలబడింది. అప్పుడు సైరన్ మోగింది.

సైరన్ మోగితే నేలమాళిగలోకి దిగాలని బళ్ళో నేర్పుతారు. మా ఊరి మగవాళ్ళు మాత్రం వరండాలోకి వెళ్ళి, నడుం మీద చేతులు వేసుకుని ఆకాశం చూస్తారు. డెల్మర్ గారు టోపీ పెట్టుకుని, సగం కొరికిన మాంసం బన్ను పట్టుకుని బయటికి వెళ్ళారు. రెండు నిమిషాలకు తిరిగొచ్చారు.

"అంత పెద్దదేం కాదు," అన్నారు. నెత్తిన టోపీ లేదు. చేతిలో బన్ను కూడా లేదు.

నేను కిటికీకి 'విరామం' బోర్డు తగిలించాను. ఈలోగా వెల్డా గారు వెళ్ళి నేలమాళిగ తలుపు తెరిచి పట్టుకుంది. మా దగ్గర తలుపు పట్టుకున్నవాళ్ళను దాటి ముందు వెళ్ళడం ఎవరికీ సుతరామూ ఇష్టం ఉండదు.

"ముందు మీరు దిగండమ్మా," అన్నాడు ట్రాయ్ అనే ఓక్లహోమా ఫోటోగ్రాఫర్.

"నువ్వు పొరుగూరివాడివయ్యా. ముందు నువ్వు."

"పెద్దవారు మీరుండగానా?"

"దిగవయ్యా బాబూ! నీ మర్యాద కిందకెళ్ళి చూపిద్దువుగాని!"

అలా ఒక్కొక్కరినీ బతిమాలి, కసిరి, పదిమందినీ దింపింది. చివరికి నేనూ డెల్మర్ గారూ మిగిలాం. "ఆడవాళ్ళు ముందు," అన్నారాయన. "అధికారులు ముందు," అందావిడ. ఆ మర్యాద నడుస్తుండగా తూర్పు కిటికీలో సుడిగాలి కనబడింది. పక్క చేలోంచి దూరంగా మళ్ళిపోతోంది. పడమటి ఎండ సూటిగా పడి తెల్లగా, నిటారుగా, పాలధార పోసినట్టుంది. వైపర్ లేదు. ఆవు లేదు.

టక్‌మని చప్పుడైంది.

"వెల్డా," అన్నారు డెల్మర్ గారు బాధగా, "లోపల ఫోటోలు తీయరాదని గోడ మీద రాసి ఉంది కదా."

"చదవలేకపోయాను డెల్మర్. కళ్ళు కనబడవని డాక్టర్ కాగితం కూడా ఉంది, చూపించమంటావా?"

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆఫీసుకు మాత్రం పైకప్పు రేకులు రెండు పోయాయి. (దీన్నీ రానట్టే నమోదు చేశాం. రాని సుడిగాలికి రేకులెలా పోయాయని పైనుంచి ఉత్తరం వచ్చింది. జవాబు తయారవుతోంది.) అనుమతి లేని ఫోటో కౌంటీ ఆస్తి కనక కెమెరాలోని కార్డును నేనే స్వాధీనం చేసుకున్నాను.

"డెల్మర్‌కి ఇవ్వకముందు ఒక్కసారి చూడనీవే," అంది వెల్డా గారు.

నా కంప్యూటర్‌లో పెట్టి చూపించాను. ముక్కు తెరకు ఆనించి చాలాసేపు చూసింది. నాలుగు మూలలూ వెతికింది.

"వేలు లేదు," అంది మెల్లగా. తర్వాత కళ్ళు తుడుచుకుని, కారు తాళాలు కూతురికిచ్చేసి ఇంటికి వెళ్ళిపోయింది.

అంత మంచి సుడిగాలి ఫోటో మా కౌంటీలో ఇంతకుముందు ఎవరూ తీయలేదని డెల్మర్ గారు కూడా ఒప్పుకున్నారు. దాన్ని మనిషెత్తున అచ్చువేయించి, 'అనుమతి లేకుండా ఫోటోలు తీయరాదు' అని రాయించి, కౌంటీలో ప్రతి కూడలిలోనూ నిలబెట్టాం. దారిన పోయేవాళ్ళు కార్లు ఆపి మరీ చూస్తున్నారు. తీసినవారి పేరు మాత్రం వెయ్యలేదు. తప్పు చేసినవారికి ప్రచారం కల్పించకూడదు కదా.