ఊపిరి బిగపట్టండి

ఎక్స్‌రే గదిలో ఇరవై ఏళ్లుగా మనుషుల ఎముకలు తీస్తున్న ఆయనకు మనుషులను తీయాలన్న సరదా ఆలస్యంగా పుట్టింది. "బావా, నువ్వు తీస్తే బతికున్నవాళ్లు కూడా పోయినవాళ్లలా పడతారు" అని, స్టూడియో నడిపే బావమరిది నలుగురిలో అన్నాక ఆ సరదా కాస్తా పంతమైంది. 'వీధిలో జనం' ఫొటోల పోటీకి ఆ మధ్యాహ్నమే గడువు. ఉదయాన్నే సెలవు పెట్టి కెమెరా మెడలో వేసుకున్నాడు. "సహజంగా ఉన్న జనాన్ని పట్టుకుని గానీ ఇంటికి రాను" అని భార్యకు చెప్పి మరీ బయలుదేరాడు.

వీధులన్నీ తిరిగి తిరిగి మధ్యాహ్నానికి చేరిన బస్టాపు కిటకిటలాడుతోంది. ఒకావిడ గొడుగు దులుపుతోంది. ఇద్దరు పెద్దాయనలు ఒకే పేపరు కోసం పెనుగులాడుతున్నారు. ఆయన ప్రాణం లేచొచ్చింది. గురి చూసి మీట నొక్కబోయేసరికి ఇరవై ఏళ్ల అలవాటు నోట్లోంచి తన్నుకొచ్చింది.

"ఊపిరి బిగపట్టండి! కదలకండి!"

జనం ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు.

"ఏంటండీ, పామా?" గొడుగావిడ పెదాలు కదపకుండా అడిగింది.

"పామైతే ఊపిరెందుకు బిగపట్టమంటాడు? గ్యాసు లీకయ్యుంటుంది!" అన్నాడు ఒక పెద్దాయన.

గ్యాసన్న మాట వినగానే అప్పుడే వచ్చిన బస్సు డ్రైవరు ఇంజను ఆపేశాడు. వెనక బళ్లు బారులు తీరాయి. పరుగెత్తుకొచ్చిన ట్రాఫిక్ కానిస్టేబులు కూడా ఊపిరి బిగపట్టడంతో, విజిల్ నోట్లో ఉన్నా ఊదలేకపోయాడు.

ఆయన కంగారుపడ్డాడు. "అయ్యా, గ్యాసూ లేదు, పామూ లేదు! ఫొటో తీసుకుంటున్నానంతే. మీరు సహజంగా ఉండండి!"

జనం సహజంగానే ఉన్నారు. గొడుగు పైకి లేచింది, పేపరు రెండు ముక్కలైంది, అందరూ ఆయన మీదికొచ్చారు. అయినా ఆయన పంతం వదల్లేదు. వెనక్కి పరుగెడుతూనే టకటకా నొక్కి, ఆనక ఇటు తిరిగి లగెత్తాడు. సందు మలుపులో భార్య ఎదురైంది.

"ఏమండీ, మెమరీ కార్డు బల్లమీదే వదిలేసి వచ్చారు!"

వెంటబడ్డ జనం బస్సు హారను విని వెనక్కి మళ్లారు. ఆయన అరుగుమీద కూలబడ్డాడు. భార్య మాత్రం ఫోనులో ఏదో నొక్కుతూ నిలబడింది. గడువుకింకా పది నిమిషాలుంది.

మొదటి బహుమతి ఆవిడకొచ్చింది. లేచిన గొడుగు, చిరిగిన పేపరు, బుగ్గలుబ్బిన కానిస్టేబులు, మధ్యలో నోరు తెరుచుకుని పరుగెడుతున్న ఆయన. ఆ ఫొటోలో అందరికంటే ఎక్కువగా బతికున్నట్టు కనిపించింది ఆయనే. ఆయనకు కొంచెం కడుపుమంటగానూ, చాలా గర్వంగానూ ఉంది.

"అక్కా, జనం ఇంత సహజంగా ఎలా పడ్డారే?" బావమరిది నోరెళ్లబెట్టాడు.

"ఏముందిరా, తీసేటప్పుడు నేను మాట్లాడలేదు."