సున్నా ముడి దగ్గర మంత్రిగారు

రాష్ట్రంలో గణితశాస్త్రాన్ని నడిపించి తీరతామని విద్యామంత్రిగారు హైదరాబాదులో ప్రకటించారు. ఇంతకాలం లెక్కలు నల్లబల్లలకు అతుక్కుని సోమరిగా బతికాయనీ, దేశమంతా క్రమశిక్షణతో ముందుకు సాగుతున్న ఈ డెబ్భై ఆరో సంవత్సరంలో లెక్కలొక్కటే వెనకబడితే తాము సహించబోమనీ అన్నారు. పథకం పేరు 'చలన గణితం'. దాన్ని ప్రారంభించడానికి మంత్రిగారు స్వయంగా విజయవాడ వస్తున్నారనీ, భవానీపురంలో కృష్ణ ఒడ్డునున్న ఒక హైస్కూలును అందుకు ఎంపిక చేశారనీ మర్నాడు పేపర్లో పడింది.

ఆ హైస్కూల్లో లెక్కలు చెప్పే లాజరు మాస్టారు ఆ వార్తను మూడుసార్లు చదువుకున్నాడు. ఆయన టెంపరరీ. తొమ్మిదేళ్లుగా టెంపరరీ. ఏటా ఏప్రిల్లో ఉద్యోగం తీసేసేవారు, జూన్‌లో మళ్లీ ఇచ్చేవారు. ఈసారి జూన్‌లో పిలుపు రాకపోవచ్చని ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. ఈ ఇంట్లో పర్మినెంటుగా ఉన్నది తానొక్కతేనని ఆయన భార్య తెరేసమ్మ ఇరుగుపొరుగులతో చెప్పుకునేది. అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

నిజానికి పథకంలోని నడక లాజరు మాస్టారిదే. మంత్రిగారికి ఆ సంగతి తెలియదు, తెలియజెప్పేంత అమర్యాద ఎవరూ చేయలేదు. వాలు అంటే ఏమిటో, ఏకఘాత సమీకరణం అంటే ఏమిటో పదో తరగతి పిల్లలకు ఎంత మొత్తుకున్నా తలకెక్కకపోయేసరికి, ఆయన ఒకనాడు వాళ్లను బడి వెనక మైదానంలోకి తోలుకుపోయి నలభై మీటర్ల తాడు పరిచాడు. మీటరుకొక ముడి. నది వైపు కొసనున్నది సున్నా ముడి. అటెండరు ఇశ్రాయేలు ఐదు సెకండ్లకొకసారి గంట కొడతాడు. ఒకరు సున్నా ముడి దగ్గర బయల్దేరి నడుస్తారు. గంట మోగినప్పుడల్లా ఏ ముడి దగ్గరున్నారో మిగతావాళ్లు కేకేస్తే, డ్రాయింగు మాస్టారు బసవయ్య గోడమీద చుక్క పెడతాడు. చుక్కలు కలిపితే గీత. గబగబా నడిస్తే గీత నిటారుగా లేస్తుంది, నెమ్మదిగా నడిస్తే వాలుతుంది, నిలబడితే పడుకుంటుంది, వెనక్కి వస్తే దిగుతుంది.

అంకాలమ్మ అని, కృష్ణలో చేపలు పట్టుకు బతికే పల్లెకారుల పిల్ల ఒకతె ఉంది. లెక్కల్లో ఏనాడూ పదిహేను మార్కులు దాటలేదు. ఆ పిల్ల ఒకరోజు ఆలస్యంగా వచ్చి, గోడమీది గీత చూసి, "ఈ నడిచినోడు మధ్యలో చెప్పు ఊడిపోయి ఆగాడాండీ?" అని అడిగింది. నిజంగానే చెప్పు ఊడింది. లాజరు మాస్టారికి జన్మ ధన్యమైపోయిందనిపించింది. జీతం రాని నెలల్లో కూడా ఆయన జన్మ అప్పుడప్పుడూ అలా ధన్యమవుతూ ఉండేది.

ఏర్పాట్లు చూడ్డానికి స్పెషలాఫీసరు కాశీరావు గారు వారం ముందే దిగారు. ఆయన అంతకుముందు పశువుల శాఖలో పనిచేశారు, అందువల్ల చదువుల విషయంలో ఆయనది నిష్పక్షపాతమైన దృష్టి. గోడమీది గీతలన్నీ చేతులు వెనక్కి కట్టుకుని పరిశీలించారు.

"ఈ పడుకున్న గీత ఏమిటండీ?"

"పిల్లవాడు నిలబడ్డాడండి."

"ఈ రోజుల్లో నిలబడ్డం ఏమిటండీ? తుడిపించేయండి."

దిగే గీత సంగతి ఇక చెప్పనక్కర్లేదు. మంత్రిగారి పర్యటన పూర్తయ్యేదాకా ఏ గీతా దిగరాదని రాతపూర్వకంగా ఆర్డరు ఇచ్చారు. దాంతో తాడు చివరికి నడిచిన పిల్లలు వెనక్కి రావడానికి రూలు లేక, గేటు దాటి అటునుంచటే ఇళ్లకు పోయారు. మూడో పీరియడుకల్లా క్లాసులో లాజరు మాస్టారు ఒక్కడే మిగిలాడు.

మిగిలిన లేచే గీత కూడా కాశీరావు గారికి నీరసంగా కనిపించింది. ఇంకాస్త లేపమన్నారు. పిల్లలు అంతకంటే గట్టిగా నడవలేరని లాజరు మాస్టారు మనవి చేశాడు. ఆయనకు దుర్బుద్ధి పుట్టిందో, జూన్ నెల గుర్తొచ్చిందో కాని, గోడమీద గంటకూ గంటకూ మధ్య జానెడున్న ఎడాన్ని బొటనవేలంత చేసి చుక్కలు మళ్లీ పెట్టించాడు. గీత తాడిచెట్టులా లేచి నిలబడింది. స్కేలు చూడకుండా గీతను నమ్మొద్దని తొమ్మిదేళ్లుగా పిల్లలకు చెబుతూ వచ్చింది కూడా ఆయనే.

"అదే పిల్లలు, అదే నడకా?" అన్నారు కాశీరావు గారు.

"అదే నడకండి."

కాశీరావు గారికి కళ్లు చెమర్చాయి. మాస్టారి భుజంమీద చెయ్యి వేసి, "మీ పర్మినెంటు ఫైలు నా బల్లమీదే ఉంది. రేపు మంత్రిగారు స్వయంగా నడుస్తారు. వారి గీత ఇలా లేచిందా, మీ ఫైలు కూడా లేస్తుంది," అన్నారు. లేవకపోతే ఏమవుతుందో చెప్పలేదు, ఆయన మర్యాదస్థులు.

మర్నాడు మంత్రిగారు మూడే మూడు గంటలు ఆలస్యంగా విచ్చేశారు. నేరుగా మైదానంలోకి వచ్చి, నదికి వీపు పెట్టి, తాడుకు చెరోవైపు ఒక చెప్పు ఉంచి, సున్నా ముడి దగ్గర నిలబడ్డారు. ఇశ్రాయేలు గంట కొట్టాడు. మంత్రిగారు కాలెత్తారు. ఎత్తిన కాలు దించకముందే వార్డు ప్రెసిడెంటు దండతో అడ్డం వచ్చాడు. ఆయన వెనక వన్ టౌన్ వర్తకులు, వాళ్ల వెనక రిక్షా యూనియను, ఆ వెనక ఉయ్యూరు నుంచి లారీల మీద వచ్చిన చెరుకు రైతులు. మంత్రిగారు కాలు మళ్లీ అక్కడే దించారు. గంట పన్నెండుసార్లు మోగింది. గోడమీద పన్నెండు చుక్కలు అడుగునున్న సున్నా గీతమీదే వరసగా పడుకున్నాయి.

కాశీరావు గారు మాస్టారి వైపు చూశారు. అది జూన్ నెల చూపు.

స్కేలు ఎంత కుదించినా, ఎంత సాగదీసినా, పడుకున్న గీత లేవదు. ఆ సంగతి ఆ మైదానంలో తెలిసినవాళ్లు ఇద్దరే, లాజరు మాస్టారు, అంకాలమ్మ. మనిషి నడవడు, గీత లేవాలి. దూరం కొలిచేది సున్నా ముడి నుంచి కదా, మనిషి ముడికి దూరం జరక్కపోతే ముడే మనిషికి దూరం జరగొచ్చు కదా అని మాస్టారికి తట్టింది. ఇంత తెలివి ట్రయినింగు కాలేజీలో వచ్చి ఉంటే ఫస్టు క్లాసు వచ్చేదే అనుకుంటూ, సున్నా కొస పట్టుకుని కూర్చున్న పిల్లల దగ్గరికి వంగి పరుగెత్తాడు. వాళ్లు ఆరుగురు, అందరూ పల్లెకారుల పిల్లలే, ముందు అంకాలమ్మ.

"అమ్మా, తాడు పట్టుకుని వెనక్కి నడవండి. గంటకొక మీటరు."

"ఎనకాల ఏరుందండి."

"నీళ్లు మీకేమన్నా కొత్తా అమ్మా?" అన్నాడు లాజరు మాస్టారు. అన్న మరుక్షణం ఆయనకు సిగ్గేసింది. కాని తాడు అప్పటికే కదిలింది.

మంత్రిగారి రెండు చెప్పుల మధ్యనుంచి ముడులు ఒకటొకటే నదివైపు జారిపోయాయి. ఇశ్రాయేలు గంట కొట్టి ఒకటి, రెండు, మూడు అని కేకేశాడు. బసవయ్య పాత చుక్కలు తడిగుడ్డతో తుడిచేసి కొత్త చుక్కలు పెట్టాడు. దండలు పడుతున్నాయి, ముడులు జారుతున్నాయి, గీత లేస్తోంది. పన్నెండో ముడికి పిల్లల పాదాలు తడిశాయి. ఇరవైకి నడుంలోతు. ముప్పయ్యో ముడికి నీళ్లమీద ఆరు తలకాయలు, తాడు పట్టుకున్న చేతులు మాత్రమే కనిపించాయి. లాజరు మాస్టారు తప్ప వాటిని చూసినవారు లేరు. మంత్రిగారున్న చోట ఇంకోవైపు చూసే అలవాటు మన జనానికి లేదు.

దండలు అయిపోయాక మంత్రిగారు గోడ చూశారు.

"ముప్పై మీటర్లా? నాకు అలుపే తెలియలేదే."

"తమకు అలుపేమిటండీ," అన్నారు కాశీరావు గారు.

మంత్రిగారు చాలాసేపు మాట్లాడారు. నాయకుడన్నవాడు తాను కదిలినట్టు ఎవరికీ తెలియకుండానే ముందుకు పోతాడనీ, ఈ సత్యాన్ని గణితం నేటికి రుజువు చేసిందనీ అన్నారు. రాష్ట్రంలోని ప్రతి హైస్కూలుకూ ఒక తాడు మంజూరు చేశారు. కారెక్కబోతూ మాస్టారి పేరు అడిగి తెలుసుకున్నారు. కాశీరావు గారు మాస్టారి చెయ్యి పట్టుకుని, ఆర్డరు వచ్చేసినట్టే అనుకోమన్నారు.

కార్లన్నీ పోయాక పిల్లలు గట్టెక్కారు. లాజరు మాస్టారు ఎదురెళ్లి ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాడు. ఆరుగురూ ఉన్నారు. ఆయన ప్రాణం కుదుటపడింది. అంకాలమ్మ పరికిణీ కుచ్చెళ్లు పిండుకుంటూ గోడ దగ్గరికి వచ్చింది. గీతను కింది నుంచి పైదాకా చూసింది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు. లెక్క తెలియకపోతే ఎలా అడుగుతుందో అలాగే అడిగింది.

"మంత్రిగారిది ఎక్కిందండి, బాగానే ఉంది. మేం ముప్పై మీటర్లు ఎనక్కి పోయాం గదండీ. మా గీత ఎక్కడ గీయమంటారు?"

లాజరు మాస్టారు గోడ కేసి చూశాడు. అడుగు గీత కింద బెత్తెడు గోడ ఉంది. దాని కింద మురుక్కాలవ.

"ఆర్డరు చేతికి రానియ్యమ్మా, చెబుతాను," అన్నాడు.

ఆర్డరు ఎనిమిదో రోజుకే వచ్చింది. ఆ పూట క్లాసులో ఆయన సుద్దముక్క పట్టుకుని అంకాలమ్మ వైపు రెండుసార్లు చూశాడు. ఆ పిల్ల మళ్లీ అడగలేదు.